జీసీఎన్: గామా విస్ఫోటాల కబురు సెకన్లలో తెచ్చే ఉచిత సర్వీసు మీద ఒక ఆన్‌కాల్ ఇంజనీరు రివ్యూ

నా ఉద్యోగమే అలర్ట్లతో. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీ సర్వర్లు చూసుకునే టీమ్‌లో ఉన్నాను, వారం విడిచి వారం ఆన్‌కాల్. అర్ధరాత్రి ఫోన్ మోగితే లేచి లాప్‌టాప్ తెరిచి, ఆ మోతలో నిజమెంత, ఉత్త హడావుడి ఎంత అని తేల్చాలి. ఏళ్ల తరబడి ఇదే పని చేశాక, అలర్ట్ సర్వీసు మంచిదా కాదా అని చూడ్డానికి నాకు ఒకటే గీటురాయి మిగిలింది. తనకు తెలిసింది ఎంతో, తెలియనిది ఎంతో అది దాచకుండా చెబుతుందా? ఆ లెక్కన నేను చూసినవాటిలో నిగ్గు తేలింది జీసీఎన్. పూర్తి పేరు జనరల్ కోఆర్డినేట్స్ నెట్‌వర్క్. నాసా నడుపుతుంది, పైసా ఖర్చు లేదు. మనవాళ్లలో ఫిజిక్స్ మీద ఇష్టం ఉండీ కోడింగ్ ఉద్యోగాల్లోకి వచ్చినవాళ్లు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు. ముఖ్యంగా వాళ్ల కోసం రాస్తున్నాను.

ఇది మోసే కబురు ఏమిటంటే: ఆకాశంలో ఎక్కడో గామా కిరణ విస్ఫోటం, అంటే అన్నిటికన్నా ఎక్కువ శక్తి ఉన్న వెలుగు ఒక్కసారి మెరవడం, పొట్టిగా జీఆర్‌బీ, జరిగిందని ఏదో ఒక ఉపగ్రహం కనిపెడుతుంది. ఎప్పుడొచ్చింది, ఏ దిక్కునుంచి వచ్చింది, ఎంత గట్టిగా వచ్చింది అన్న వివరాలు ప్రపంచంలోని పెద్ద టెలిస్కోపులకు ఎంత తొందరగా చేరతాయో, మన ఇంట్లో లాప్‌టాప్‌కీ అంతే తొందరగా చేరతాయి. పెద్దాళ్లకొక వరుస, చిన్నాళ్లకొక వరుస లేదు. నాకు మొదట నచ్చింది అదే.

ఈ కిరణాలు గాలిని దాటి నేల దాకా రావు కాబట్టి వీటిని అంతరిక్షంలోనే పట్టాలి. మొదట పట్టినవాళ్లు వీటికోసం వెతకనేలేదు. 1963 నాటి అణుపరీక్షల నిషేధ ఒప్పందాన్ని ఎవరైనా చాటుగా మీరుతున్నారేమో చూడమని అమెరికా పంపిన వేలా ఉపగ్రహాలకు 1967 జులై 2న ఒక మెరుపు తగిలింది. అది భూమి మీదిది కాదు, సూర్యుడిదీ కాదు. అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు ఇలాంటివి మరికొన్ని పోగుచేసి 1973లో లోకానికి చెప్పారు. 1991లో అంతరిక్షానికి వెళ్లిన నాసా కాంప్టన్ అబ్జర్వేటరీలోని బాట్సీ పరికరం 2,704 విస్ఫోటాల్ని పట్టి, అవి ఆకాశమంతటా సమానంగా పరుచుకుని ఉన్నాయని చూపించింది. మన గెలాక్సీ పాలపుంతలోవే అయితే ఆకాశంలో దాని పట్టీ వెంట గుంపుగా కనిపించాలి కదా. ఆ బాట్సీ సమాచారాన్ని నేలమీది టెలిస్కోపులకు వెంటనే చేరేయాలని నాసా గొడార్డ్ స్పేస్ ఫ్లైట్ సెంటర్‌లో స్కాట్ బార్తెల్మీ 1990ల మొదట్లో మొదలుపెట్టిన ఏర్పాటే నేటి జీసీఎన్. ఇప్పుడు గురుత్వ తరంగాలు (స్థలకాలంలోనే పుట్టే అలలు), న్యూట్రినోల (దేన్నయినా దాటిపోయే సూక్ష్మకణాల) కబుర్లు కూడా మోస్తోంది.

అంత తొందర ఎందుకూ అంటే, అసలు మెరుపు సెకన్లలో అయిపోతుంది. రెండు సెకన్లకన్నా తక్కువ ఉండేవి చాలావరకు రెండు న్యూట్రాన్ నక్షత్రాలు, అంటే చచ్చిన పెద్ద నక్షత్రాల గట్టి ముద్దలు, ఢీకొన్నప్పుడు పుట్టేవి. ఎక్కువసేపు ఉండేవి చాలావరకు బరువైన నక్షత్రం నడిమి భాగం కూలినప్పటివి. మెరుపు పోయాక అదే చోట ఎక్స్‌రేల్లో, మామూలు వెలుగులో ఒక కాంతి మిగిలి గంటగంటకీ మసకబారుతుంది. అది ఆరేలోపు పెద్ద టెలిస్కోపు తిప్పి వర్ణపటం తీస్తేనే, అంటే వెలుగును రంగులుగా విడదీస్తేనే, విస్ఫోటం ఎంత దూరంలో జరిగిందో తెలిసేది. 1997లో బెప్పోశాక్స్ ఉపగ్రహం చోటు సరిగ్గా చెప్పబట్టే ఆ మిగులు కాంతి మొదటిసారి దొరికింది. అంతకుముందు దాదాపు పాతికేళ్లు ఇవి దగ్గరివో దూరానివో తేలక వాదనలు నడిచాయి.

ఇక వాడకం. సైట్లో సైన్ ఇన్ అయ్యి, ఏ ఉపగ్రహం కబుర్లు కావాలో టిక్కు పెట్టుకుంటే ఈమెయిల్‌కి వచ్చేస్తాయి. కోడింగ్ తెలిసినవాళ్లకి ఇంకా మంచి దారి ఉంది. 2022లో దీన్ని కాఫ్కా మీదికి, అంటే సందేశాల్ని ఆగకుండా మోసే సాఫ్ట్‌వేర్ మీదికి, మార్చారు. ఆఫీసులో మనం రోజూ చూసే కాఫ్కానే. సైట్లో ఒక ఐడీ, ఒక సీక్రెట్ తీసుకుని, వాళ్లే ఇచ్చిన పైథాన్ లైబ్రరీతో చిన్న స్క్రిప్టు రాస్తే చాలు, నేరుగా మన టెర్మినల్‌లో పడతాయి. నేను ఇంట్లో ఒక పాత లాప్‌టాప్ మీద ఇలాగే నడుపుతున్నాను. ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకు కాఫ్కా నేర్పాలన్నా ఇంతకంటే మంచి ఫీడ్ నాకు తెలియదు. ఇందులో డేటా నిజం, అవతలి వైపు సంఘటన ఇంకా నిజం.

కబుర్లు రెండు రకాలు. నోటీసులు యంత్రాలు పంపేవి. సర్క్యులర్లు మనుషులు రాసేవి.

ముందు నోటీసు గురించి చెప్పాలి. ఒక ఫెర్మి నోటీసును దగ్గరగా చూడండి. ఫెర్మి నాసా గామా కిరణాల ఉపగ్రహం, 2008 జూన్ 11న వెళ్లింది. దానిమీది జీబీఎమ్ పరికరం భూమి అడ్డం లేనంతమేర ఆకాశం మొత్తాన్నీ ఒకేసారి కాపలా కాస్తుంది, ఏటా సుమారు 240 విస్ఫోటాల్ని పడుతుంది. ఒక్క విస్ఫోటానికి ఒక్క మెయిలుతో సరిపెట్టదు. మొదటిదాంట్లో చోటు ఉండదు. ఫలానా సమయానికి డిటెక్టర్లలో లెక్క పెరిగింది, ఇంత గట్టిగా పెరిగింది, అంతే. కొన్ని సెకన్లకి ఉపగ్రహం తనే లెక్కేసిన చోటు వస్తుంది, పక్కనే ఎర్రర్ కొన్ని డిగ్రీలని రాసి ఉంటుంది. ఆ తర్వాత నేలమీది కంప్యూటర్లు లెక్కేసిన చోటు, ఆపైన ఇంకాస్త తీర్చిదిద్దిన చోటు వస్తాయి. పాతదాన్ని చెరిపేయరు. ప్రతి మెట్టూ మన కళ్లముందే ఉంటుంది.

ఆ కొన్ని డిగ్రీలు చిన్నవి కావు. నిండు చంద్రుడు మనకు కనిపించేది అర డిగ్రీ మేర. జీబీఎమ్ చూపించే చోట్లో ఎన్నో చంద్రుళ్లు పడతారు, టెలిస్కోపు ఎక్కడని తిప్పాలి? ఇది ఆ పరికరం పద్ధతిలోనే ఉన్న హద్దు. గామా కిరణాల్ని అద్దాలతో ఒకచోటికి తేవడం కుదరదు. అందుకని జీబీఎమ్‌లో పన్నెండు సోడియం అయొడైడ్ డిటెక్టర్లు తలో దిక్కుకీ చూస్తుంటాయి. దేనికి ఎక్కువ తగిలింది, దేనికి తక్కువ తగిలింది అన్న నిష్పత్తిని బట్టి దిక్కు అంచనా కడతారు. ఇంకా ఎక్కువ శక్తి ఉన్న కిరణాలకు మరో రెండు బిస్మత్ జర్మనేట్ డిటెక్టర్లు ఉన్నాయి.

నాకు బాగా నచ్చిన వరుస నోటీసు మధ్యలో ఉంటుంది. ఇది ఏమయ్యుండొచ్చు అని పేరు, పక్కన శాతం. ఆ తర్వాతి అవకాశం ఏది, దానికెంత శాతం. జీఆర్‌బీ కావచ్చు, సౌరజ్వాల కావచ్చు, కక్ష్యలో తగిలిన కణాల జల్లు కావచ్చు. మన ఉరుముల మేఘాల్లోంచి పైకి ఎగసే గామా మెరుపులకు కూడా ఈ పరికరం స్పందిస్తుంది. ఉపగ్రహం తన అనుమానాన్ని అంకెల్లో పెట్టి చెబుతోందన్నమాట. నేను పనిచేసిన ఒకచోట డబ్బు పోసి కొన్న అలర్ట్ టూలుకు అన్నీ ‘క్రిటికల్’ మాత్రమే. రాత్రి రెండింటికి లేపి, తీరా చూస్తే డిస్కు మీద కాస్త లోడు. ఎంత నమ్మకంతో లేపుతున్నావని అడిగితే దాని దగ్గర జవాబు ఉండేది కాదు.

మా అక్క కూతురు ఇక్కడే హాస్టల్లో ఉండి బీఎస్సీ చదువుతోంది, ఆదివారాలు మా ఇంటికి వస్తుంది. ఒకరోజు స్క్రీన్ మీద పడ్డ నోటీసు చదువుతూ, “మామా, ఇందులో సూర్యుడికీ దీనికీ మధ్య దూరం ఎందుకు రాశారు?” అంది.

“నువ్వే చెప్పమ్మా, ఎందుకు రాసుంటారు?”

కాసేపు చూసి, “విస్ఫోటం సూర్యుడి దిక్కునే ఉందంటే అది సూర్యుడి పనే అయ్యుండొచ్చు. చంద్రుడి దూరం కూడా ఉంది, అది వెన్నెల్లో టెలిస్కోపుతో చూడగలమా లేదా అని. అంతేనా మామా?” అంది.

అంతే. చంద్రుడు ఎంత శాతం వెలుగుతున్నాడో కూడా అదే నోటీసులో ఉంటుంది. చదివేవాడు తర్వాత ఏం చేయబోతాడో ఆలోచించి రాసిన అలర్ట్ అది.

చోటు సరిగ్గా కావాలంటే స్విఫ్ట్ నోటీసులు చూడండి. ఇది కూడా నాసా ఉపగ్రహమే, 2004 నవంబర్ 20న వెళ్లింది, 2018 నుంచి దాన్ని నడిపించిన శాస్త్రవేత్త నీల్ గెరెల్స్ పేరు చేర్చి పిలుస్తున్నారు. దాని బ్యాట్ టెలిస్కోపుకి అద్దం బదులు పైన సీసం పలకల జాలీ ఉంటుంది. దాదాపు 52 వేల చిన్న పలకలు ఒక వరుస లేకుండా అమర్చి ఉంటాయి. కింద 32,768 కాడ్మియం జింక్ టెల్యురైడ్ డిటెక్టర్ ముక్కలు. విస్ఫోటం ఏ దిక్కునుంచి వస్తే ఆ దిక్కుకి తగ్గట్టు జాలీ నీడ డిటెక్టర్ల మీద పడుతుంది. ఆ నీడ ఎటు ఎంత జరిగిందో చూసి ఉపగ్రహమే దిక్కు లెక్కేస్తుంది, కొన్ని ఆర్క్‌మినిట్ల (ఒక్కోటి డిగ్రీలో అరవయ్యో వంతు) తేడాతో చెప్పేస్తుంది. చెప్పి ఊరుకోదు. తనంతట తానే అటు తిరిగి, తన ఎక్స్‌రే టెలిస్కోపుతో మిగులు కాంతిని చూసి, కొన్ని ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌మినిట్‌లో అరవయ్యో వంతు) తేడాకు తెస్తుంది. స్విఫ్ట్ నోటీసులు వరుసగా పడుతున్నప్పుడు ఎర్రర్ అంకె మెయిలు మెయిలుకీ చిక్కిపోవడం చూస్తుంటే నాకు ఎంత సంతోషమో! అయితే బ్యాట్ ఒక్కసారి చూసేది ఆకాశంలో కొంతభాగమే. అందుకే ఫెర్మి, స్విఫ్ట్ రెండూ కావాలి.

ఇప్పుడు సర్క్యులర్లు. నోటీసుల కోసం చేరి, సర్క్యులర్ల కోసం ఉండిపోయాను. ఇవి చిన్న ఉత్తరాలు, ఇప్పటికి 40 వేలు దాటాయి, మొదటినుంచీ అన్నీ ఉచితంగా చదవొచ్చు. 2022 అక్టోబర్ 9 నాటివి వరుసగా చదవండి. ఆదివారం, మన సమయం సాయంత్రం 6:47కి ఫెర్మికి ఒక విస్ఫోటం తగిలింది. సుమారు 53 నిమిషాల తర్వాత స్విఫ్ట్ బ్యాట్‌కి ఒక కాంతి కనిపించింది. పాలపుంత పట్టీకి దగ్గర, పైగా చాలా ప్రకాశంగా ఉంది. మన గెలాక్సీలోనే కొత్తగా వెలిగినదేదో అనుకుని ఆ రకం పేరే పెట్టి సర్క్యులర్ పంపారు. గంటల్లోనే మరో సర్క్యులర్ వచ్చింది: ఆ రెండూ ఒకటే, ఇది జీఆర్‌బీ 221009ఏ (పేరులోని అంకెలు ఏడాది, నెల, తేదీ). దాదాపు 190 కోట్ల ఏళ్లు ప్రయాణించి వచ్చిన వెలుగు. మనం నమోదు చేసినవాటిలో అన్నిటికన్నా ప్రకాశవంతమైనది, పదివేల ఏళ్లకోసారి వచ్చేంతదని అంచనా. దాని ధాటికి భూమి అయనావరణం, అంటే గాలి పైపొరల్లో విద్యుత్ కణాలుండే భాగం, కదిలింది. మన దేశంలో పిడుగుల్ని గుర్తించే యంత్రాలు కూడా స్పందించాయని యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ రాసింది. ఇంత పెద్ద సంఘటనకి మొదట పెట్టిన పేరు, దాన్ని మార్చిన ఉత్తరం రెండూ నేటికీ పక్కపక్కనే ఉన్నాయి. మా ఆఫీసుల్లో సర్వర్లు పడిపోయాక ఏం జరిగిందో చెప్పే పోస్ట్‌మార్టమ్ రిపోర్టులు రాసేవాళ్లందరికీ ఈ వరుస చదివించాలని ఉంది.

ఇంకో సంగతి. “మేం చూశాం, మాకేమీ కనపడలేదు” అని కూడా వీళ్లు రాస్తారు. ఎంత మసక దాకా చూశాం, ఏ గంటకు చూశాం అని అంకెలతో సహా. మొదట్లో కొత్తవాళ్లకు ఇవి పనికిరాని మెయిళ్లలా అనిపిస్తాయి. వాటి విలువ తెలియాలంటే 2017 ఆగస్టు 17 చూడాలి. మన సాయంత్రం 6:11. రెండు న్యూట్రాన్ నక్షత్రాలు కలిసినప్పటి గురుత్వ తరంగం, వాటిని పట్టడానికి అమెరికాలో కట్టిన లైగోకి తగిలింది, 1.7 సెకన్ల తర్వాత ఫెర్మికి చిన్న గామా మెరుపు తగిలింది. ఫెర్మి నోటీసు 14 సెకన్లలో బయటికి వెళ్లింది. లైగో రెండు కేంద్రాల్లో ఒకదాని డేటాలో సరిగ్గా ఆ క్షణాన ఒక గ్లిచ్, అంటే పరికరంలో పుట్టిన ఉత్త మోత, పడింది. అందుకని అక్కడి కబురు మనుషులు కూర్చుని సరిచూశాకే వచ్చింది. అప్పుడు మన దేశపు ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌లోని సీజెడ్‌టీఐ పరికరానికి ఏమీ తగల్లేదు. ఆ సంగతే వాళ్లు సర్క్యులర్‌గా రాశారు: ఫెర్మి చూసింది, మాకు తగల్లేదు, కాబట్టి ఆ చోటు ఆ క్షణాన మాకు భూమి చాటున ఉండాలి. ఆ ఒక్క వాక్యంతో వెతకాల్సిన ఆకాశం తగ్గింది. ఆ రాత్రే 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎన్‌జీసీ 4993 గెలాక్సీలో దాని వెలుగు దొరికింది. మన ఉపగ్రహం ‘లేదు’ అని చెప్పి చేసిన సాయం అది. నాకు ఆ సర్క్యులర్ అంటే ఎంతో గర్వం.

ఆస్ట్రోశాట్ 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి వెళ్లింది. అక్టోబర్ 6న సీజెడ్‌టీఐ పనిలోకి దిగిన రోజే ఒక జీఆర్‌బీని పట్టింది. 2023 చివరికి ఆ లెక్క 600 దాటింది. నిజానికి అది పక్కదిక్కుల విస్ఫోటాల కోసమని కట్టిన పరికరం కాదు. వంద కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (కిరణాల శక్తికి కొలత) పైన దాని చుట్టూ ఉన్న గోడలు కిరణాలను ఆపలేవు, అందువల్ల ఎటునుంచి వచ్చినా తగులుతాయి. పైగా ఇది ఆ కిరణాల ధ్రువణం, అంటే వాటి కంపనం ఏ వైపుకి ఉందో, కొలుస్తుంది, ఆ పని చేయగల పరికరాలు ప్రపంచంలో చాలా తక్కువ. ఒకటే ఇబ్బంది, దీని విస్ఫోటాలు ఫెర్మి, స్విఫ్ట్‌లలాగా సెకన్లలో నోటీసులుగా రావు. డేటా బెంగళూరు శివార్లలో ఇస్రో కేంద్రమున్న బ్యాలాళుకి దిగి, దాన్ని జల్లెడపట్టాక సర్క్యులర్లుగా వస్తాయి. అందుకే టిక్కులు పెట్టేటప్పుడు సర్క్యులర్లు వదిలేస్తే మన దేశం పని చాలామటుకు మీకు కనపడదు. హన్లేలోని హిమాలయన్ చంద్ర టెలిస్కోపు చూసినవి కూడా అక్కడే చదవొచ్చు. ఆ రెండు మీటర్ల టెలిస్కోపు లద్దాఖ్‌లో 4,500 మీటర్ల ఎత్తున ఉంటే, నడిపేది బెంగళూరు పక్కనున్న మన హొసకోటె నుంచి, ఉపగ్రహం లింకు మీద. మదనపల్లెకు వెళ్లే దారే కాబట్టి మావాళ్లందరూ ఏళ్లుగా ఆ ఊరు దాటుతూనే ఉన్నారు. మా అక్క కూతురికి ఆ సంగతి చెప్పాక, ఈసారి ఊరెళ్లేటప్పుడు అక్కడ బస్సు దిగుదామంటోంది.

లోపాలు చెప్పకపోతే రివ్యూ కాదు. కొత్తగా వచ్చినవాళ్లకు నోటీసుల రకాల జాబితా చూస్తే కళ్లు తిరుగుతాయి. ఒక్క ఫెర్మికే ఎన్నో రకాలు, పేర్లు చూసి ఏది ఏమిటో ఊహించలేం. అన్నిటికీ టిక్కు పెడితే ఇన్‌బాక్స్ మునిగిపోతుంది. నోటీసుల రూపం కూడా అన్నిటికీ ఒకటి కాదు. పాత టెక్స్టు, వీఓఈవెంట్, కొత్త జేసన్ మూడూ నడుస్తున్నాయి, స్క్రిప్టు రాసేవాడు మూడిటికీ సిద్ధపడాలి. సమయం అంతా యూటీలో, అంటే మనకన్నా ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ సమయంలో ఉంటుంది, విస్ఫోటం పేరులోని తేదీ కూడా. మనకు తెల్లవారుజామున 5:30 లోపు వచ్చినవాటికి ముందురోజు తేదీ పడుతుంది. డైరీలో రాసుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఇంకొకటి సర్వీసు చేతిలో లేనిది. స్విఫ్ట్ పాతబడింది, దాని కక్ష్య కిందికి దిగుతోంది. ఒక వాహనాన్ని పంపి పైకి నెట్టే పనిని నాసా 2025లో ఒక కంపెనీకి అప్పగించింది. ఆ పని జరిగి తీరాలని మనసారా కోరుకుంటున్నాను. కొత్తవీ వచ్చాయి. 2024 జనవరిలో చైనా ఎక్స్‌రే ఉపగ్రహం ఐన్‌స్టైన్ ప్రోబ్, అదే ఏడు జూన్ 22న చైనా, ఫ్రాన్స్ కలిసి పంపిన స్వోమ్. స్వోమ్ 2025 మార్చి 14న పట్టిన విస్ఫోటం, విశ్వం పుట్టిన సుమారు 73 కోట్ల ఏళ్లకు జరిగినది. ఆ కబురు కూడా ఈ సర్క్యులర్లలోనే వచ్చింది.

నా మార్కులు పదికి తొమ్మిది. తగ్గించిన ఒక్కటీ ఆ జాబితా గందరగోళానికి.

చేరదలుచుకున్నవాళ్లు మొదటి వారం స్విఫ్ట్ బ్యాట్ చోటు నోటీసు, ఫెర్మి జీబీఎమ్ చివరి చోటు నోటీసు, సర్క్యులర్లు, ఈ మూడే పెట్టుకోండి. సర్క్యులర్లకు మెయిల్లో వేరే ఫోల్డరు పెట్టి, విస్ఫోటం పేరుతో ఫిల్టరు రాసుకోండి, అప్పుడు ఒక్కో కథ వరుసగా చదవొచ్చు. ఫోన్ మోత మాత్రం పెట్టుకోకండి, ఇంట్లో పెద్ద టెలిస్కోపు లేనివాళ్లు రాత్రి లేచి చేయగలిగింది ఏమీ లేదు. పొద్దున కాఫీతో చదివినా ఒక్క అక్షరం ఎటూ పోదు. పైథాన్ వచ్చినవాళ్లు రెండో నెలలో ఫెర్మి డేటా దించుకుని 221009ఏ, 170817ఏ (పైన చెప్పిన 2017 ఆగస్టు 17 నాటి మెరుపు) రెండిటి వెలుగు సెకను సెకనుకీ ఎలా మారిందో రేఖలు గీసి చూడండి. మొదటిది గ్రాఫు దాటిపోయి డిటెక్టర్లనే ముంచేస్తుంది. రెండోది నాయిస్‌లో చిన్న బుడిపె. స్క్రిప్టు ఎక్కడైనా ఆగితే కింద రాయండి, ఆన్‌కాల్ లేని వారం తప్పకుండా జవాబిస్తాను.